రెండు నీడల వారం

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే, గోడకు సినిమా పోస్టరు అంటిస్తున్న ఒకాయన బకెట్టులోంచి ఉడికిన మైదా జిగురు వాసన గుప్పుమంది. కాస్త పులిసి, కాస్త తియ్యగా, అడుగున పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఘాటుతో ఉండే వాసన. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడిపోయాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మా బాపు పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు.

రైల్వే స్టేషను దగ్గరి సందులో మాకు రెండు గదులు. ముందుది దుకాణం, వెనకది ఇల్లు. వచ్చే బండ్లూ పోయే బండ్లూ మైకులో పేరుపేరునా వినబడుతుండగా, అమ్మ ఒక స్టవ్వు మీద జిగురు, ఇంకో స్టవ్వు మీద పప్పు ఉడికిస్తూ, ఆ గరిటె ఇందులో పడకుండా రోజంతా కాపలా కాసేది. ఆషాఢంలో ముసురు పట్టిందంటే అట్టలు ఆరక, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన తాడు మీద బట్టలతోపాటు అట్టలకు అతికే క్యాలికో గుడ్డ ముక్కలు కూడా వేలాడేవి. బోనాల నాడు బెల్లమన్నం తిన్న చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటే గాని బాపు మమ్మల్ని కాగితం ముట్టనిచ్చేవాడు కాదు.

అప్పట్లో వారపత్రికల్లో సీరియల్ నచ్చితే, వారం వారం ఆ పేజీలు చింపి దాచి, కథ అయిపోయాక అన్నీ కలిపి బైండు చేయించుకునేవారు. బడి నుంచి రాగానే ఆ పేజీలను వారాల వరసలో పేర్చడం నా పని. ఎక్కువగా అత్తాకోడళ్ల కథలు కాబట్టి అంకెలు చూసి పేర్చేదాన్ని తప్ప చదివేదాన్ని కాదు. నా పదకొండో ఏట విమల మేడం కట్ట వచ్చేదాకా అంతే. ఆమె నాంపల్లిలోనే ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. తుప్పు పిన్నుల వాసన కొట్టే ఆ పేజీల్లో అత్తలూ లేరు, కోడళ్లూ లేరు. ఆకాశంలో దారి తప్పిన ఓడ ఒకటి ఇద్దరు సూర్యులున్న లోకంలో దిగుతుంది. అక్కడ ప్రతి మనిషికీ రెండు నీడలు. ఒకటి మనిషితో నడుస్తుంది, రెండోది తనకు తోచినట్టు నడుస్తుంది. పేర్చడం మరిచి, గడప మీద కూర్చుని, అమ్మ రెండుసార్లు పిలిచినా వినకుండా చదివాను. తలెత్తి చూస్తే మా సందు కూడా కొత్తగా కనిపించింది. దీపస్తంభం కింద నిలబడి నా నీడ ఒకటేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను.

ఓడ కెప్టెన్‌ను అతని రెండో నీడ వదిలి వెళ్లిపోయే వారం నాకు ప్రాణమైపోయింది. నా పక్కన కూర్చునే పిల్లకు చూపిద్దామని ఆ పేజీలు సాంఘికశాస్త్రం పుస్తకంలో పెట్టి బడికి తీసుకెళ్లాను. సాయంత్రం వానకు సంచీ తడిసింది. ఇంటికొచ్చి తెరిచి చూస్తే పేజీలు ముద్దయి, అక్షరాలు ఒకదాంట్లోకొకటి కారిపోయి ఉన్నాయి. ఆ ముద్దను సందు పక్క మోరీ కాలువలో పడేశాను.

కుట్టేముందు బాపు లెక్క చూసుకున్నాడు. ఒక వారం తక్కువ. దుకాణమంతా వెతికి, బల్ల కింద దీపం పెట్టి చూసి, చివరికి కుర్చీలో కూలబడ్డాడు. అనుమానం నా మీదికి రాలేదు. తన మీదికే పోయింది.

"గిన్నేండ్ల సంది చేస్తున్న, ఒక్క కాయిదం పోలె," అన్నాడు అమ్మతో. "కండ్లు కనవడుతలేవేమో. దవాఖానల చూపిచ్చుకోవాలె."

"సన్నక్షరాల పని బందు పెట్టరాదు జర," అంది అమ్మ.

కంచం ముందు కూర్చుని అంతా విన్నాను. అయినా చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం ఆ సంచిక కోసం కోఠి అంతా తిరిగాం. పై ఆదివారం ఆబిడ్స్. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాల కుప్పలు. బాపు ఒక్కో కుప్ప దగ్గర గొంతుకూర్చుని, పత్రికలు ఒక్కొక్కటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, పక్క కుప్ప దగ్గర మళ్లీ కూర్చునేవాడు. ఏడో కుప్పో ఎనిమిదో కుప్పో, లేవబోయి తూలి నా భుజం పట్టుకున్నాడు.

"బాపూ, నీ కండ్లు మంచిగనే ఉన్నయ్," అన్నాను. "గది నేను తీసిన. వానల నానిపోయింది."

బాపు నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. వెళ్లి ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. కొడతాడేమోనని కొంచెం దూరంగా నిలబడ్డాను.

"మరి గిన్ని దినాలు నన్నెందుకు తిప్పినవ్?" అన్నాడు. నేను ఏడ్చాను. కాస్త ఆగి, "గంతగనం ఏమున్నది గందుల?" అని అడిగాడు.

వేల సీరియళ్లు కుట్టిన మనిషి, ఒక్కటీ చదివి ఎరగడు. పక్కన కూర్చుని కథంతా చెప్పాను. బస్సులు పోతున్నాయి, జనం బేరాలాడుతున్నారు, బాపు మాత్రం నా మొహమే చూస్తూ విన్నాడు.

"మళ్ల గా నీడ యాడికి పాయె?"

"వేరే సూర్యుని దిక్కు."

"గిదంతా యాదికున్నదా నీకు?"

"ఔ."

"అయితే రాయి."

మిగతా పేజీల కొలతకు తెల్ల కాగితం కోసి ఇచ్చాడు. నాలుగు రోజులు రాశాను. గుర్తున్నచోట గుర్తున్నట్టు, లేనిచోట నాకు తోచినట్టు.

విమల మేడం వచ్చిన రోజు బాపు దాచలేదు. "మేడం, ఒక వారం పోయింది. ఎట్ల పోయిందో మా బిడ్డనే చెప్తది," అని పక్కకు జరిగాడు. చెప్పాను. ఆమె తడి గొడుగు గోడకు ఆనించి, నా కాగితాలు తీసుకుని నిలబడే చదివింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

"గీ కెప్టెన్ గా వారంల ఏడువలేదు. నాకు మంచిగ యాదికున్నది."

ఒకడుగు బాపు వైపు జరిగాను. "ఏడువలేదు మేడం. కానీ గంత దూరం పోయినంక నీడ గూడ ఇడిసిపెట్టి పోతే, ఏడువడా?"

ఆమె నన్నే చూసింది. తర్వాత కాగితాలు సరిచేసి బాపు చేతిలో పెట్టింది. "గివి గూడ కలిపి కుట్టున్రి," అంది. నా వైపు తిరిగి, "ఇంకో కథ మొదలైంది, చదువుతవా? బడికి మాత్రం తీస్కపోవద్దు."

అప్పటి నుంచి రెండేళ్లు, ప్రతి వారం ఆఫీసు నుంచి పోతూ పత్రిక నా చేతికిచ్చి వెళ్లేది. తర్వాత ఆమెకు బదిలీ అయింది. ఆ పుస్తకం ఆమెతోనే పోయింది.

బాపు పోయి చాలా కాలమైంది. మా రెండు గదులున్నచోట ఇప్పుడు లాడ్జి లేచింది. ఆ వారపత్రిక మూతపడింది. పేజీలు చింపి దాచుకునేవారూ లేరు, వాటిని కుట్టేవారూ లేరు. ఇంకెవరో రాసిన ఆ సీరియల్‌ను ఏ వారం నుంచి చెప్పమన్నా ఇప్పటికీ చెప్పగలను. నేను రాసిన వారంలోది మాత్రం, కెప్టెన్ ఏడ్చాడని తప్ప, ఒక్క వాక్యం కూడా గుర్తులేదు.