తొమ్మిదో సలహా

వీధిలో అందరూ ఆయన్ను అచ్చుతప్పుల మాస్టారు అంటారు. నిజానికి ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ఇరవై ఆరేళ్లుగా ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దుతున్నారు, అంతే. కిరాణా కొట్టు బోర్డు మీద ఒత్తు తప్పినా, శుభలేఖలో దీర్ఘం జారినా ఆగి చెప్పందే అడుగు ముందుకు వెయ్యరు. ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని, గోడమీది బోర్డులో తప్పు కనబడితే అటు వేలు చూపించారు. డాక్టరు ఆ వైపు పన్ను కాబోలనుకుని దాన్ని ఠంగుమని కొట్టి చూశాడు.

మహమ్మారి వచ్చి ఆఫీసు ఇంటికి వచ్చేసరికి ఆయనకు కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో భార్య తలుపేసుకుని కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. రెండోదాంట్లో అత్తగారు టీవీ ముందు కూర్చుంటారు. ఆవిడ కూతుర్ని చూసి పోదామని పది రోజులకు వచ్చారు. తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకున్న రోజే బస్సులు ఆగిపోయాయి. ఇక మిగిలింది వంటిల్లు. మాస్టారు మిక్సీకీ బియ్యం డబ్బాకీ మధ్య ఆఫీసు కంప్యూటర్ పెట్టుకుని, నిలబడే ఉద్యోగం చేసేవారు.

పొద్దున్నే పేపరు రాగానే అత్తగారు దాన్ని పట్టకారుతో పట్టుకుని, బట్టల తీగమీద క్లిప్పులు పెట్టి రెండు గంటలు ఎండబెట్టేవారు. గాలికి పేజీలు తిరగేసుకుంటూ పేపరు తనను తానే చదువుకుంటున్నట్టుండేది. ఆ తరవాతే ఇంట్లోవాళ్ల వంతు.

"నిన్నటాయన వేన్నీళ్లు తాగమన్నాడు. ఇవాళటాయన తాగినా తాగకపోయినా ఒకటే అంటున్నాడు," అనేవారు ఆవిడ టీవీ కట్టేసి. "ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చుకోమనకూడదూ?"

"ఒక గదిలో ఇద్దరు కూర్చోకూడదట అత్తయ్యగారూ."

"అదే మరి, ఎప్పటికి తేలుతుంది?"

ఒక సాయంత్రం ఐదింటికి పేజీ వచ్చింది. ఆరింటికల్లా పంపెయ్యాలి. ఆఫీసులో మనుషులు తగ్గిపోవడంతో తప్పులు దిద్దడమే కాక, దిద్దింది టైపు చెయ్యడం కూడా మాస్టారి నెత్తినే పడింది. పేజీ మధ్యలో చుట్టూ గీతలు గీసిన డబ్బా ఒకటి ఉంది: 'ఇంటిపట్టున ఉండేవారికి నిపుణుల పది సలహాలు'. చూస్తే తొమ్మిదో సలహా లేదు. అంకె ఉంది, పక్కన ఖాళీ. సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేస్తే ఎంతకీ ఎత్తలేదు. ఖాళీగా వదిలేస్తే మరిచిపోతాను, ఏదో ఒకటి టైపు కొట్టి ఉంచి తరవాత మారుద్దామనుకున్నారు మాస్టారు.

సరిగ్గా అప్పుడే ఆయన మధ్యాహ్నం తిని వదిలేసిన కంచం అత్తగారి చేతికి వచ్చింది. ఎండి అట్ట కట్టి ఉంది.

"పొద్దస్తమానం చేతులు కడుక్కుంటారు కదా," అన్నారు ఆవిడ, కంచంతోనే మాట్లాడుతున్నట్టు. "ఆ చేతుల్లోనే కంచం కూడా ఉంచుకుంటే ఏం పోయింది? మగవాళ్లు ఎవరి కంచం వాళ్లు కడుక్కుంటే సగం రోగాలు గడప తొక్కవు."

మాస్టారి చెవిన పడిన మాట వేళ్లలోకి దిగింది. టైపు కొట్టేశారు. కొట్టాక ఒకసారి చదివి 'వాళ్లు' తీసి 'వారు' పెట్టారు కూడా. అంతలో పక్కన పొయ్యిమీద పాలు పొంగాయి. ఆయన కీబోర్డును చంటిపిల్లలా ఎత్తుకుని పక్కకు దూకారు. పేజీ ఏదంటూ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఇంకోసారి గబగబా చదివి, అక్షరదోషాల్లేవని తృప్తిపడి పంపేశారు. ఇన్నేళ్లుగా ఆయన చూసింది అక్షరాల్నే. అర్థం ఎప్పుడూ వేరే శాఖ.

మర్నాడు పొద్దున ఎదురింటి బ్యాంకు ఆఫీసరు బాల్కనీలో నిలబడి కంచం తోముతూ కనిపించాడు. పైకే ఇరవైదాకా లెక్కపెడుతున్నాడు. పాపం, మనిషి మారాడనుకున్నారు మాస్టారు. తీగమీంచి పేపరు దిగాక భార్య చదివింది.

"ఏవండీ, ఈ తొమ్మిదో నిపుణుడు అచ్చం మా అమ్మలా మాట్లాడుతున్నాడేంటి?"

మాస్టారు పేపరు లాక్కుని తొమ్మిదో సలహా చూసుకున్నారు. ఫోన్ మోగింది. ఎడిటర్.

"పొద్దున్నుంచీ ఆఫీసులో ఫోన్ ఆగట్లేదండీ," అన్నాడు ఆయన. "గ్లాసులు కూడా ఈ లెక్కలోకే వస్తాయా అని ఒకావిడ. ఇది ఏ దేశం వాళ్ల పరిశోధన అని ఒకాయన. ఇంకొకాయనైతే కంచం కడిగితే వాళ్లావిడ కళ్లు తిరిగి కూర్చుండిపోయిందట, అది కూడా ఈ జబ్బు లక్షణమేనా అని అడుగుతున్నాడు. రేపు సవరణ వేద్దాం. మీరే రాయండి."

తను రాసింది ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని ఆయనకు వయసులో ఉన్నప్పటి నుంచీ కోరిక. అది ఇలా తీరింది. నిజాయితీపరుడు కాబట్టి ఉన్నదున్నట్టు రాశారు: 'నిన్నటి తొమ్మిదో సలహా నిపుణులది కాదు. మా ప్రూఫ్‌రీడరు అత్తగారిది. పొరపాటుకు చింతిస్తున్నాం.'

అత్తగారికి చదివి వినిపించారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చింతిస్తున్నది ఎవరు? నేను చింతించట్లేదే."

"అది పత్రిక మాటండీ."

"అయితే పత్రికనే చింతించమనండి. కంచాలు మాత్రం కడగమనండి. ఆ ముక్క కూడా రాయండి."

రాశారు. రాయకపోతే ఆ పూట తిండి దొరికేట్టు లేదు.

సవరణ అచ్చయ్యాక ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మిగతా తొమ్మిది సలహాలు చదివితే భయమేసింది, ఇదొక్కటే అర్థమైందని చాలామంది రాశారు. ఎడిటర్ ఆలోచించి, రోజుకో ముక్క కావాలన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి అత్తగారు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పడం, మాస్టారు నిలబడి కొట్టడం. 'అంకెలు చూసి భయపడేవాళ్లు భయపడుతూనే బట్టలు మడతపెట్టండి' అనేది ఒకరోజు. 'ఇంట్లో అందరూ ఉన్నారంటే అందరూ మాట్లాడాలని కాదు' అనేది మరోరోజు. అది మాస్టారి భార్య ఫ్రేము కట్టించి తన గది తలుపుకు తగిలించుకుంది.

మధ్యలో ఒకనాడు టీవీలో అంకె మరీ పెద్దదిగా వచ్చింది. ఆవిడ టీవీ కట్టేసి వచ్చి పీటమీద కూర్చున్నారు. "ఇవాళ నా దగ్గరేం లేదు అల్లుడుగారూ. ఎవరికైనా ఫోన్ చేసి తిన్నారా అని అడగమనండి," అన్నారు. మాస్టారు అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

కొన్నాళ్లకు బస్సులు కదిలాయి. అత్తగారు రెండు మాస్కులు కట్టుకుని, కిటికీ పక్క సీటును మూడుసార్లు తుడిచి, వెళ్లిపోయారు. ఆవిణ్ని ఇబ్బంది పెట్టడమెందుకని మాస్టారు మూడు రోజులు తనే ఆవిడ పేరున రాశారు. మూడో రోజుకల్లా ఉత్తరాలు: 'అత్తగారికి ఒంట్లో బాగాలేదా? వ్యాకరణం మరీ బాగుంటోంది.'

ఆయన ఇక లాభం లేదని నాలుగింటికి ఫోన్ చేశారు. ఆవిడ చెప్పారు, ఈయన రాసి పంపారు. మర్నాడు ఆయన చెయ్యకముందే అవతలి నుంచి ఫోన్ మోగింది.

"అల్లుడుగారూ, పేపరు చూశాను. మొదట్లో 'దయచేసి' అని ఉందేంటి?"

"మర్యాదగా ఉంటుందని చేర్చాను అత్తయ్యగారూ."

"నేనన్నానా ఆ మాట?"

"అనలేదండీ."

"మరి రేపు సవరణ వెయ్యండి. కలం ఉందా చేతిలో? రాసుకోండి."