లోర్నాకు పోసిన ఒడిబియ్యం

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే ముందు బీపీ చూపించుకోమని చెప్పే మనిషిని నేను. మేడ్చల్‌లో సైన్స్ టీచర్‌ని. మా బడిలో పై అంతస్తు గదిలో ఎవరో తిరుగుతున్నారని పిల్లలు ఏడిస్తే, తాళం తీయించి ఆ గదిలోనే కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఇది చదివి మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఇంకొకరు రాస్తే నేనూ నవ్వేదాన్నే.

రెండేళ్ళ కిందటి చలికాలంలో ఫిలిప్పీన్స్ నుంచి ఒక డాక్టర్ కుటుంబం శామీర్‌పేట దగ్గర మా ఊరికి వచ్చింది. లోర్నా కంటి డాక్టర్. ఆమె భర్త రామిల్ పళ్ళ డాక్టర్. వాళ్ళ కూతురు మికా, ఎనిమిదో తరగతి పిల్ల, ముసలివాళ్ళను చేయి పట్టుకుని కూర్చోబెట్టేది. ఒక ట్రస్టు వాళ్ళు ఫంక్షన్ హాల్లో ఉచిత శిబిరం పెట్టించారు. ఆ కుటుంబానికి మా ఇంటి మేడ మీద గదులిచ్చాడు బాపు, అంటే మా నాన్న. నేనుండేది మచ్చ బొల్లారంలో. ఇంగ్లీషు వచ్చు కదా, వాళ్ళకు మాట సాయం చేద్దువు రమ్మంటే సెలవు పెట్టి పుట్టింట్లో దిగాను.

నిజానికి బాపు ఆశ వేరే. అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి ఎదురుగా నిలబడితే ఆకారం తెలిసేది, ముఖం తెలిసేది కాదు. ఆపరేషన్ అంటే చాలు, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేది.

కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అక్క స్వరూప కరోనాలో పోయింది. ఆసుపత్రి వాళ్ళు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకెళ్ళారు. ముత్తైదువగా పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు చీర పెట్టి, ఒడిబియ్యం పోసి సాగనంపడం మా దిక్కు ఆచారం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక బట్ట, అన్నీ మూటగట్టుకుని అమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. లోపలికి పోనివ్వలేదు. ఆ మూటతోనే తిరిగొచ్చాం.

అప్పటినుంచి అమ్మది ఒకటే మాట. "నా బిడ్డను ఒట్టి ఒడితోని పంపిన. ఆఖరుకు దాని మొఖం సూడని కండ్లు, ఇగ ఉంటేంది, పోతేంది?"

పెళ్ళయిన ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినప్పుడు కూడా ఒడిబియ్యం పోస్తారు. అక్క పోయాక అమ్మ నాకు అది కూడా పోయలేదు. నేను అడగనూ లేదు.

లోర్నా మాత్రం అమ్మ దగ్గర చేరింది. భాష రాకపోయినా పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉల్లిగడ్డలు కోసేది. "అమ్మా" అనడం నేర్చుకుని ఊరికే అనేది. ఎవరినీ కళ్ళ దగ్గరికి రానివ్వని అమ్మ, ఆమె టార్చి వేసి చూస్తే ఊరుకుంది. "ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, నేనుండగానే చేయించండి" అంది లోర్నా. సుచిత్ర సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఆమె ఇక్కడి డాక్టర్లతో కలిసి ఆపరేషన్లు చేస్తోంది. అమ్మ వద్దంది. బాపు బతిమాలాడు, తిట్టాడు. "గీమె మొండితనం నాతోని గాదు బిడ్డా" అని చివరికి నా ముందు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లోర్నా వెళ్ళిపోతే అమ్మను ఇంకెవరూ ఒప్పించలేరని మా ఇద్దరికీ తెలుసు.

హాల్లో శిబిరం ముగిసింది, ఆసుపత్రిలో ఆపరేషన్లు మాత్రం ఇంకా జరుగుతున్నాయి. వాళ్ళ ప్రయాణానికి ఇంకా మూడు నాలుగు రోజులున్నాయి. అప్పుడు అమ్మ ఉన్నట్టుండి, లోర్నాకు ఒడిబియ్యం పోస్తానంది.

మా పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. "పరాయి దేశపామెకు ఒడిబియ్యమా? గిదేం ఇచ్చంత్రమే!"

"అమ్మా అంటాంది. నా స్వరూప ఈడుదే. ఇంకేం గావాలె?" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది. నా ఒడి గుర్తుకు రాలేదు గానీ ఊరుగాని ఊరామె ఒడి గుర్తొచ్చిందా అనుకున్నాను. వెళ్ళి బియ్యంలో పసుపు కలిపాను.

మర్నాడు పగటిపూట, నడింట్లో పీట వేసి లోర్నాను తూర్పు ముఖంగా కూర్చోబెట్టాం. పట్టుచీర నేనే కట్టాను. కొంగు ఒడిలా ఎలా పట్టుకోవాలో చూపించాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. అమ్మ, పెద్దమ్మ, పక్కింటి ఆడవాళ్ళు వంతులవారీగా దోసిళ్ళతో బియ్యం పోశారు. రామిల్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

మా ఆచారంలో ఇంకొకటుంది. ఒడి నిండిన ఆడబిడ్డ లేచి, అందులోంచి కొన్ని పిడికిళ్ళు తీసి తల్లి కొంగులో తిరిగి పోస్తుంది. పుట్టిల్లు చల్లగా ఉండాలని. ఆ సంగతి లోర్నాకు చెప్పలేదు. కుడుకలూ పోకలూ చూసే ఆమె కంగారు పడుతోంది, ఇదెందుకులే అని వదిలేశాను.

లోర్నా లేచి నిలబడింది. అమ్మకు పక్కగా గోడవైపు ఒకసారి చూసి తల ఊపింది. ఎడమ చేత్తో ఒడి పట్టుకుని, కుడిచేత్తో పిడికిళ్ళు తీసి అమ్మ కొంగులో పోయసాగింది. మేమంతా నోళ్ళు తెరిచాం. అంతటితో ఆగితే అందరిళ్ళలో జరిగేదే కదా, ఎక్కడో చూసి ఉంటుందని సరిపెట్టుకునేదాన్ని.

ఆమె నావైపు తిరిగింది. ఇంకో పిడికెడు తీసి నా కొంగులో పోసి, ఆ పసుపు చేతిని నా చెంపకు రాసి నవ్వింది.

అది మా అక్క చేసే పని. లోకంలో ఇంకెవరూ చేయరు. అక్క పెళ్ళయిన ఏడు మొదలుపెట్టింది. "ఇగో నీ హిస్సా. జల్దీ పెండ్లి జేసుకొని పో, ఇల్లు నాకు ఇడిసిపెట్టు" అని నన్ను ఏడిపించేది. నాకు పెళ్ళయ్యాక కూడా మానలేదు. ప్రతిసారీ పిడికెడు బియ్యం, చెంపకు పసుపు. నేను ఛీ అని తుడుచుకోవడం.

ఆ రోజు తుడుచుకోలేదు.

అమ్మకు ఏం కనిపించిందో, మసకగా ఎవరి ఆకారం తోచిందో తెలియదు. "స్వరూపా!" అని ఒక్క కేక పెట్టి లోర్నాను పట్టుకుంది. చాలాసేపటికి ఏడుపు ఆపి నాతో, "రేపు ఆపరేషన్ జెయ్యమను" అంది.

ముందు ఒక కంటికి చేశారు. పట్టీ విప్పాక అమ్మ లోర్నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తల నిమిరింది. రెండో కంటి ఆపరేషన్‌కు తేదీ తనే అడిగి రాయించుకుంది. బాపు ఆ రోజు ఆసుపత్రిలో కనిపించిన వాళ్ళందరికీ చాయ్ తాగించాడు.

వాళ్ళు బయలుదేరే రోజున కారులో సామాను పెడుతుంటే లోర్నా నన్ను పక్కకు పిలిచి, "ఆమెకు కూడా చెప్పి వెళ్దామనుకున్నాను, మళ్ళీ కనిపించలేదు" అంది.

ఎవరికి అని అడిగాను.

"ఒడిబియ్యం రోజు మీ అమ్మ పక్కన నిలబడిందే, ఆమె. ఏం చేయాలో చేత్తో చూపించింది కదా. మీ అమ్మకు పోయమంది, తర్వాత నిన్ను చూపించి, తన చెంపకు చేయి రాసుకుని చూపింది."

అమ్మ పక్కన ఎవరూ లేరు. అటు గోడ. నా ఫోన్‌లో చుట్టాల పెళ్ళి ఫోటో ఒకటి తీసి ఇచ్చాను. అందులో మా ఆడవాళ్ళందరూ ఉన్నారు. లోర్నా పెద్దది చేసి చూసి, మా అక్క మీద వేలు పెట్టింది. అక్క ఫోటో మా ఇంట్లో గోడకు లేదు. దండ వేయడానికి అమ్మ ఒప్పుకోలేదు, అందుకే అన్నీ పెట్టెలో ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరికోసం ఏడుస్తున్నారో లోర్నాకు తెలుసు గానీ, ముఖం తెలియదు.

ఎలా ఉంది, చిక్కిపోయి ఉందా అని అడిగాను. నోట్లోంచి అదే వచ్చింది.

"లేదు, బాగుంది. ఆమె ఒడి కూడా నిండుగా ఉంది. నాలాగే ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది. ఆమెకు కూడా పోశారేమో అనుకున్నాను" అంది లోర్నా.

రామిల్ వీడియో పంపించాడు. అందులో లోర్నా మా అమ్మ పక్కకు చూడటం, ఎవరో చెబితే సరేనన్నట్టు తల ఊపడం ఉంది. ఆమె చూసిన చోట సున్నం గోడ ఉంది. ఎన్నిసార్లు ఆపి చూశానో. పెద్దమ్మను నిలదీశాను, మనవల మీద ఒట్టు, నేను సైగ చెయ్యలేదంది. మా సహోద్యోగి ఒకాయన ఏదో మనస్తత్వ శాస్త్రం చెప్పబోతే మధ్యలోనే లేచి వచ్చేశాను.

అమ్మకు మాత్రం అక్క ఒడి నిండుగా ఉందని చెప్పాను. చెవులు రిక్కించి విని, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఇప్పటికీ అప్పుడప్పుడు చెప్పించుకుంటుంది.

కారణం వెతకడం మానేశాను. నన్ను తినేసేది వేరే. లోర్నా చివరగా ఒక మాట చెప్పి కారెక్కింది. చెంపకు పసుపు రాశాక తను పక్కకు చూస్తే, ఆమె నన్నే చూస్తూ నవ్వుతోందట. నేను అక్కడే ఉన్నాను. చేయి చాపితే అందేంత దూరంలో. కళ్ళు రెండూ బాగున్నదాన్ని. ఒక్కసారి నాకు కనిపిస్తే ఏం పోయేదే అక్కా?