ఎడమ స్పీకర్లో సన్నటి సుయ్యి

నేను పాత ఆంప్లిఫయర్లు, టేప్ డెక్కులు, రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాను. కొత్తవి ముట్టుకోను. కొత్తవాటిలో విప్పడానికి మరలు ఉండవు, వాటిని తెచ్చేవాళ్ళకు ఓపిక ఉండదు. బళ్ళారి కౌల్ బజార్‌లో ఒక సందు చివర నా అంగడి. ఒక పక్క పరుపులు కుట్టేవాళ్ళు, ఇంకో పక్క స్టీలు సామాన్ల అంగడి. రోజంతా ఆటోలు, బైకులు, కిందపడే గిన్నెలు. ఆ గోలలో కూడా స్పీకర్‌కు చెవి ఆనించి ఫలానా చోట జబ్బు అని చెప్పేస్తానని ఈ ఊళ్ళో నాకు పేరుంది. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా ఇంటావిడ అంటుంది. ఆమె మాట మీరు పట్టించుకోవద్దు.

నా పద్ధతి ఒకటుంది. బాగుచేశాక పాట పెట్టి చూడను. పాట పెడితే ఎవడైనా వింటాడు. ఏమీ పెట్టకుండా ఆంప్లిఫయర్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, ఖాళీ స్పీకర్‌ను వింటాను. ఏమీ లేనప్పుడు ఏమీ వినపడకపోతే అది మంచి ఆంప్లిఫయర్. గుయ్యిమన్నా, చిటపటలాడినా మళ్ళీ విప్పుతాను. లేకపోతే మూత బిగించి, దాని మీద చాక్‌పీసుతో టిక్కు పెట్టి ఇచ్చేస్తాను. ఆ టిక్కు పడ్డాక వెనక్కి వచ్చిన సామాను లేదు. మీటర్లు, పరికరాలు ముందేసుకుని కూర్చునే మెకానిక్కులంటే నాకు చిన్నచూపే, దాచుకోను. చెవి ఉన్నవాడికి అవన్నీ ఎందుకు? ఆ చెవే లేకపోతే నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న ఇంకొక ముసలాణ్ణి, అంతే.

పోయిన వానాకాలం హచ్చొళ్ళి దగ్గరి ఆంధ్రావాళ్ళ క్యాంపు నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద మడులు కొన్నాడట. మూడు తరాలైనా ఆయన నోట్లో 'అండి' పోలేదు, మధ్యలో కన్నడం 'స్వల్ప' మాత్రం వచ్చి చేరింది. దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను దించినట్టు నా బల్ల మీద ఒక ఆంప్లిఫయర్ దించాడు. జపాన్ సరుకు. వెండి ముఖం, ఊగే సూదులతో రెండు మీటర్లు, చెక్క పెట్టె. ఎప్పుడో వాళ్ళ బావమరిది మస్కట్ నుంచి తెచ్చాడట. నాకు నోరూరింది.

విప్పితే లోపల వరి పొట్టు, రెండు బల్లి గుడ్లు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను, గరగరమనే వాల్యూము కంట్రోలు కడిగాను, వదిలిపోయిన అతుకులు మళ్ళీ వేశాను. నాలుగు రోజుల పని. తర్వాత కళ్ళు మూసుకుని విన్నాను. ఏమీ లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం విని చాలా కాలమైందని నాలో నేనే మురిసిపోయాను. టిక్కు కొంచెం పెద్దదిగానే పెట్టాను.

వారం తిరక్కుండానే ఆయన దుప్పటి మూటతో మళ్ళీ దిగాడు.

"పాట బ్రహ్మాండంగా ఉందండి. పాట ఆపితేనే, ఎడమ స్పీకర్లో సన్నగా సుయ్యిమంటోంది. స్వల్ప చూడండి."

చూశాను, అంటే విన్నాను. ఆయన ముందే ఎడమ స్పీకర్‌కు చెవి అతికించాను, కుడి దానికీ అతికించాను. ఏమీ లేదన్నాను. ఉందన్నాడు. ఈ బజారు గోలలో నీకు వినపడేది నాకు వినపడదా అని గదమాయించాను. ఆయన మర్యాదస్తుడు, తల వంచుకుని తీసుకెళ్ళిపోయాడు. రెండు రోజులకు నా ఫోనుకు ఒక రికార్డింగు పంపించాడు. ఇదీ ఆ శబ్దం, మీరే వినండి అని కింద రాశాడు. విన్నాను. వాల్యూము పెంచి మళ్ళీ విన్నాను. ఫోను చేసి, నువ్వు పంపింది ఖాళీ రికార్డింగు, ముందు ఫోను వాడటం నేర్చుకో అని చెప్పాను. అవతల ఆయన సరేనండి అని పెట్టేశాడు. నా మాట తగిలిందని అప్పుడు గర్వపడ్డాను కూడా.

అయినా మనిషి వదల్లేదు. మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి నాకు అసలు సంగతి తట్టింది. వీళ్ళ ఇల్లు మడి గట్టు మీద, కాలువ కింద ఏడాది పొడుగునా తడి. అట్లాంటి చోట పొద్దుగూకితే కీచురాళ్ళు కాక ఇంకేం అరుస్తాయి? ఆ మాటే చెప్పాను.

"అది ఆంప్లిఫయర్ కాదప్పా, మీ మడి. నేను మిషను బాగుచేస్తా గానీ, కీచురాళ్ళను యాడ బాగుచేసేది?"

ఈ సమాధానం నాకు ఎంత నచ్చిందంటే, పరుపులవాళ్ళకు చెప్పాను, స్టీలు అంగడి సేటుకు చెప్పాను, ఇంటికెళ్ళి మా ఇంటావిడకు రెండుసార్లు చెప్పాను. ఆమె నవ్వలేదు. నన్ను ఒక రకంగా చూసి, నేను పెంచి పెట్టిన టీవీ సౌండు తగ్గించింది.

చివరికి ఆ రైతే, ఒకసారి మా ఇంటికి దయచేసి మీ చెవులతో మీరే వినండి, కీచురాళ్ళే అని తేలితే మళ్ళీ నోరెత్తను అన్నాడు. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం సంచిలో పనిముట్లు వేసుకుని బస్సెక్కాను. వెళ్ళేది బాగుచేయడానికి కాదు, గెలవడానికి. దారంతా ఏమేం అనాలో తయారుచేసుకున్నాను.

వాళ్ళింటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ముందుగదిలో ఆంప్లిఫయర్‌ను కుట్టుపని గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. మూత మీద నా టిక్కు చెరగకుండా అలాగే ఉంచారు. అది చూసి కొంచెం మెత్తబడ్డాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. రోజూ ఆ గదిలో కూర్చుని బట్టలు కుట్టేది ఆమేనట. అంటే ఆ సుయ్యి మీద అసలు ఫిర్యాదు ఆమెదే, పాపం ఆయన మోసుకుని తిరుగుతున్నాడు.

ఆంప్లిఫయర్ ఆన్ చేశారు. కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. కళ్ళు తెరిచి, బస్సులో తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. తడి నేల, కీచురాళ్ళు, మనిషి మనసు చేసే మోసాలు. ఆమె ఓపిగ్గా మొత్తం వింది.

"కీచురాళ్ళయితే ఎడమ పక్కే ఎందుకు అరుస్తాయి అన్నయ్యగారూ?"

ఆమె లేచి ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి, పెరటి తలుపు బార్లా తీసింది. అవతల మడి. అవి మొదలుపెట్టేశాయి, ఇక తెల్లారిందాకా చెవులు చిల్లులే, రెండు చప్పుళ్ళకూ తేడా మీరే చూడండి అంది.

నేను గడప మీద నిలబడి విన్నాను. దూరంగా పంపుసెట్టు మోటారు వినపడింది. కాలువ గట్టు మీద ట్రాక్టరు వినపడింది. ఎవరో గేదెను అదిలించడం వినపడింది. కీచురాళ్ళు వినపడలేదు.

ఇంకా మొదలు కాలేదేమో అనుకున్నాను. ఆయన మాత్రం నా పక్కన నిలబడి, ఈ గోలకు మాకు ఫోను మాట్లాడ్డం కూడా కష్టమండి అని నొచ్చుకుంటున్నాడు. నాకు వినపడని వాటి మీద నేరం మోపి బజారంతా చాటుకొచ్చాను. చివరిసారి కీచురాయి అరుపు ఎప్పుడు విన్నానా అని వెతుక్కుంటే ఒక్క సాయంత్రమూ జ్ఞాపకం రాలేదు. బళ్ళారిలో దుమ్ముకు అవి చచ్చిపోయాయని ఎన్నో ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు మైక్‌సెట్లు కట్టి, హారన్ల కిందే పడుకుని నిద్రపోయేవాణ్ణి. అప్పుడు అదొక గొప్ప. నాకు భయమేసింది. ఈ రెండు మూడేళ్ళలో ఎన్ని మూతల మీద టిక్కులు పెట్టి పంపానో, మర్యాద కొద్దీ ఎందరు వెనక్కి తేకుండా ఊరుకున్నారో!

తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. ఆఖరు బస్సుకు వేళయిందనొచ్చు. ఈ మోడలే అంత అనొచ్చు. నేను చెబితే వాళ్ళు నమ్ముతారు కూడా. సంచి చేతికి తీసుకున్నాను. ఆమె నన్నే చూస్తోంది. మా ఇంటావిడ టీవీ తగ్గించేటప్పుడు చూసినట్టే చూస్తోంది.

"నాకు వినపడ్డం లేదమ్మా," అన్నాను. "ఇదీ వినపడ్డం లేదు, అవీ వినపడ్డం లేదు."

ఆయన గబగబా కుర్చీ వేశాడు. ఆమె మాత్రం తలుపు మూసి వచ్చి, నా చోట, ఎడమ స్పీకర్ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు మీవి కదా అన్నయ్యగారూ, వినడం నేను వింటాను అంది.

మూత విప్పాను. వాల్యూము పూర్తిగా తగ్గించినా సుయ్యి పోవడం లేదని ఆమె చెప్పింది. అయితే దోషం వాల్యూము కంట్రోలు దాటాకే ఉండాలి. ఎడమ వైపు ఒక్కొక్క ట్రాన్సిస్టర్ దగ్గరా ఒక కెపాసిటర్ తగిలించి, అంతవరకు వచ్చే శబ్దాన్ని తొక్కిపెడుతూ పోయాను. నేను తగిలించేది, ఆమె చెప్పేది. ఉందండి. ఉందండి. ఇప్పుడు లేదండి. తీస్తే మళ్ళీ వచ్చిందండి. మొదట్లో ఆమె మాటను నమ్మడానికి ప్రాణం ఒప్పుకోలేదు. ఒక్కోచోట రెండుసార్లు అడిగాను, ఒకసారి తగిలించకుండానే తగిలించానని చెప్పి పరీక్ష కూడా పెట్టాను. లేదండీ, అలాగే ఉంది అని ఠక్కున పట్టేసింది. ఆ తర్వాత ఇక పరీక్షలు మానేశాను.

దోషి చింతగింజంత ట్రాన్సిస్టర్. సంచిలో అట్లాంటిదే ఇంకొకటి ఉంది. పాతది ఊడదీసి కొత్తది అతికించాను. చేతులు వణకలేదు, అదొక్కటే సంతోషం. ఆన్ చేశాను.

ఆమె చాలాసేపు తల వంచి వింది.

"పోయిందండి. పూర్తిగా పోయింది."

ఆయన మొహం వెలిగిపోయింది. మూత బిగించబోతున్న నా చేయి ఆగిపోయింది. ఆ స్పీకర్ నాకు ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పోయిందన్నది ఏమిటో నాకు తెలియదు.

"అది ఎట్లుండె? ఒకసారి నోటితో చేసి చూపించమ్మా," అన్నాను.

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. దగ్గరికి జరిగి నా ఎదురుగా కూర్చుంది. పళ్ళు బిగించి, పెదాలు రెండు పక్కలకూ చాపి, ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నా చెంపకు తగిలింది, చప్పుడు మాత్రం రాలేదు. ఇంకోసారి చెయ్యమని అడిగాను. చేసింది.