మలుపులో వదలని ఎక్సిలేటర్

మా ఊరి నుంచి నంద్యాలకు పోయే రోడ్డు మీద నాపరాళ్ల లారీలు ఎడతెరిపి లేకుండా తిరుగుతాయి. ఆ దారిలో, తిరిగి వచ్చేటప్పుడు ఎడమకు తిరిగే మలుపు ఒకటి ఉంది. నా పాత మోటారు సైకిలు నన్ను చంపబోయింది అక్కడే.

వెనక నా భార్య కూర్చుని ఉంది. ఆమెకు చక్కెర జబ్బు. పాదం మీద లేచిన పుండు మానక, రోజు మార్చి రోజు నంద్యాల ఆసుపత్రిలో కట్టు మార్పించుకోవాలి. మానకపోతే వేళ్లు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మా ఊరి బస్సు ఆపేశారు, ఎక్కే జనం లేరట. మేము జనం కామా? ఆటో నిండితే గానీ కదలదు, నిండిందంటే ఎవరో ఒకరు ఆ కాలు తొక్కక మానరు. ఇక ఆ బండే మాకు దిక్కు.

ఆ రోజు కట్టు కట్టించుకుని తిరిగి వస్తున్నాం. మలుపు దగ్గర ఎక్సిలేటర్ పిడి వదిలేసి హ్యాండిల్ తిప్పాను. ఇంజను అరుపు తగ్గాల్సింది పోయి పెరిగింది. ఎదురుగా బండల లారీ. బ్రేకు తొక్కుతున్నా బండి దానివైపే గుంజుతోంది. ఎద్దు బెదిరితే పగ్గం లాగాలని ఈ చేతులకు తెలుసు. ఇనుము బెదిరితే ఏం లాగాలి? ఆమె నా చొక్కాను వెనక నుంచి పిడికిట పట్టుకుంది. ఎట్లాగో తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాను. బండి రోడ్డు దిగి కంపచెట్ల పక్కన ఆగింది. లారీ మా మొహాన దుమ్ము కొట్టి పోయింది.

"ఏమైందబ్బా?" అంది.

"ఏం కాలేదు, గమ్మునుండు," అన్నాను.

మరుసటి రోజు పొద్దున్నే ఒక్కణ్ణే మెల్లగా బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను బండిని స్టాండు మీద నిలబెట్టి, రెండుసార్లు పిడి తిప్పి వదిలాడు. ఇంజను బుద్ధిగా తగ్గింది.

"బాగానే ఉండాది గదా తాతా. నీ చెయ్యే పట్టేసుంటాది. ఐనా ఇంగా ఎన్నాళ్లు తోల్తావు దీన్ని? ఇనప సామాన్ల కాటాకు ఏసి కొత్తది తీస్కోరాదా?"

"నన్ను గూడా అదే కాటాలో ఏస్తావా?" అని తిరిగి వచ్చేశాను. ఒళ్లంతా మండిపోయింది. లారీ ముందు నిలబడింది అతను కాదు కదా. కానీ కోపం కింద వేరే భయం ఉంది. మర్నాడు మళ్లీ కట్టు మార్చాలి. ఆమెను ఎక్కించుకుంటే ఆ మలుపు, ఎక్కించుకోకపోతే ఆ వేళ్లు.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. చర్చిలో పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని, పాడేవాళ్ల నోళ్లు చూస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. బండి దగ్గరా అంతే చేశాను. ఇంటి ముందు స్టాండు వేసి, ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను కుడికి తిప్పాను. శబ్దం మారలేదు. ఎడమకు తిప్పాను. ఇంజను ఒక్కసారిగా గుక్కపట్టి అరిచింది. బండి కదలదని తెలిసినా వెనక్కి గెంతాను.

ఇంజను ఆపి, ఎక్సిలేటర్ కేబుల్ మీద వేలు పెట్టి పిడి నుంచి కిందికి వచ్చాను. అది ట్యాంకు కిందికి దూరింది. సీటు తీసి, పెట్రోలు పైపు ఊడదీసి, ట్యాంకు పైకెత్తాను. అక్కడ మందపాటి నల్లదారం, దానికి ఒక గవ్వ. కేబుల్‌నూ బండి చట్రం గొట్టాన్నీ కలిపి బిగించి ముడులేసి ఉంది. హ్యాండిల్ ఎడమకు తిరిగితే కేబుల్‌కు సాగడానికి చోటేది? బిగిసి, ఎక్సిలేటర్‌ను అదే లాగుతోంది.

"ఏమే, ఇది ఎవరు కట్టిరి?"

ఆమె గడపలో కూర్చుని కాలు చాపుకుని ఉంది.

"నిన్న బయల్దేరకముందు నేనే కట్టినా. పక్కింటామె మహానంది నుంచి తెచ్చిచ్చె. ముసిలోడు కొత్త పెండ్లికొడుకు మాదిరి పెండ్లాన్ని ఎనక ఎక్కించుకోని తిరుగుతాండాడని ఊరంతా నవ్వుతాండారు. అందరి కండ్లూ మన మీదే. దిష్టి తగలదా?"

"కట్టేది బయట కట్టరాదా?"

"బయట కడితే పాస్టరయ్య సూడడా? మూడు తరాలుగా చర్చికి పోయేటోళ్లం, ఇదేం పనని అడగడా? అందుకే సందులో చెయ్యి దూర్చి లోపల కట్టినా."

బ్లేడు తీసుకున్నాను.

"తెంపద్దబ్బా! తెంపితే ఇంగా కీడంట."

దారాలను, తాయెత్తులను జీవితమంతా ఎగతాళి చేసినవాణ్ణి. ఆ మాటకు నా చెయ్యి ఆగిపోయింది. కళ్ల ముందు లారీ కనబడింది. బ్లేడు పక్కన పెట్టి, గోళ్లతో ఒక్కొక్క ముడీ విప్పాను. తర్వాత అదే దారాన్ని ఆమె కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు దగ్గర, అందరికీ కనబడేటట్టు కట్టాను.

"ఈడైతే ఏ కేబులూ పోదు."

"పాస్టరయ్య సూస్తే?"

"సూడనీ. కట్టు మార్పియ్యను ఆయప్పేమన్నా ఎత్తుకపోతాడా?"

ట్యాంకు బిగించి, ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి పట్టుకున్నాను. శబ్దం మారలేదు. అయినా మళ్లీ మళ్లీ తిప్పి చూశాను.

మరునాడు బయలుదేరాం. పోయేటప్పుడు ఆ వంపు కుడికి తిరుగుతుంది కాబట్టి భయం లేదు. వచ్చేటప్పుడే అసలు పరీక్ష. మలుపు దగ్గరికి వస్తుంటే ఎదురుగా మళ్లీ బండల లారీ. పిడి వదిలాను. హ్యాండిల్ ఎడమకు తిరిగింది. ఇంజను గొంతు తగ్గింది, బండి నెమ్మదించింది. లారీ పక్క నుంచి పోయింది.

మలుపు దాటినా ఆమె పిడికిలి నా చొక్కాను వదల్లేదు. ఊరు వచ్చేదాకా నా చూపు కూడా తాళంచెవిని వదల్లేదు.