తిమ్మప్ప ఆర్పిన లాంతరు

తిమ్మప్ప పిరికివాడు. దీన్ని దాచిపెట్టి ప్రయోజనం లేదు. కదిరి దగ్గర అతని ఊళ్ళో ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఘాట్ రోడ్డు మీద లారీని ఒంటిచేత్తో తిప్పగలడు గానీ, పొద్దుగూకాక పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం భార్య ఆంజనమ్మ బ్యాటరీ లైటు పట్టుకుని గుమ్మంలో నిలబడాల్సిందే. నిలబడితే సరిపోదు, అతను తిరిగి వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. మాట ఆగిందంటే సగం పనిలోనే పరుగెత్తుకొచ్చేవాడు.

అలాంటి మనిషి డ్రైవర్ వీసా మీద ఖతర్ పోతానన్నప్పుడు ఆంజనమ్మకు నవ్వాగలేదు. "ఆడ దయ్యాలుండవా?" అని అడిగింది.

"ఎడారి గదే, చింతచెట్లుండవు. చెట్లు లేకపోతే అవి యాడ కూచ్చుంటాయి?" అన్నాడు తిమ్మప్ప. అంత ఆలోచించుకునే విమానం ఎక్కాడు మరి.

తీరా ఖతర్‌లో ఉమ్ సలాల్ అనే ఊళ్ళో దిగి చూస్తే చుట్టూ తోటలే. ఖర్జూరపు చెట్లు, రేగు చెట్లు, వాటి మధ్య ఎత్తయిన గోడలు, గోడల వెనక ఎవరుంటారో తెలియని విల్లాలు. పనిచేసే ఇంటివాళ్ళు మంచివాళ్ళే. బాబా అని పిలిపించుకునే యజమాని కసురుకోడు, మేడమ్ వేళకు అన్నం పంపిస్తుంది. చిక్కల్లా ఎండాకాలంతోనే. వేడి ముదరగానే ఇంటిల్లిపాదీ లండన్ వెళ్ళిపోతారు, కారు తాళాలు లోపల బీరువాలో పడతాయి. అంత పెద్ద ఇంటికి గేటు పక్క గదిలో తిమ్మప్ప ఒక్కడే కాపలా. మొక్కలకు నీళ్ళు పెట్టాలి, పావురాలకు గింజలు వేయాలి, గేటు వదిలి పోకూడదు. ఖాళీ ఇంట్లో ఎక్కడో ఏసీ దానంతటదే మొదలై గుర్రుమంటుంది, మళ్ళీ ఆగిపోతుంది. అది విన్నప్పుడల్లా తిమ్మప్ప గుండె జారిపోయేది. లైటు వేసుకునే పడుకునేవాడు.

అతనికున్న ఒకే ఒక్క ధైర్యం రసూల్. రాయచోటి మనిషి. తోటల అవతల, ఖాళీ మైదానం దాటాక ఉన్న విల్లాలో అతనూ హౌస్ డ్రైవరే. వయసులో చిన్నవాడు, ఊళ్ళు వేరు, మతాలు వేరు. అయినా సీమవాళ్ళం కదా అని తిమ్మప్పను మామా అని పిలిచేవాడు. వేళాకోళం అతనికి వెన్నతో పెట్టిన విద్య. తిమ్మప్ప భయం సంగతి తెలిశాక అతనికి పండగే అయింది.

"ముల్లును ముల్లుతోనే తీయాల మామా. దయ్యాలను చంపేది నేర్చుకుంటే దయ్యాల భయం పోతాది" అని, ఒకనాడు తిమ్మప్ప ఫోన్ లాక్కుని అందులో ఒక ఆట ఎక్కించాడు.

దయ్యాల వేట. తాటిచెట్టెక్కి కిందికి చూస్తే మనుషులు ఎలా కనిపిస్తారో, ఆటలో అంతా అలా పైనుంచి కనిపిస్తుంది. పాడుబడిన ఊరు. చేతిలో తుపాకీ, నడుముకు లాంతరు కట్టుకున్న ఇద్దరు వేటగాళ్ళు. లాంతరు వెలుగు చుట్టూ గుండ్రంగా కొంచెం నేల కనబడుతుంది, అంతే. ఆ గీత దాటితే కటిక చీకటి. పాదాలు లేని ఆడది, బావిలోంచి పాకుతూ వచ్చేది, తల చేత్తో పట్టుకుని తిరిగేవాడు, అందరూ ఆ చీకట్లోనే కాచుకుని ఉంటారు. వాళ్ళు దగ్గరికొస్తే లాంతరు మంట నీలంగా మారి, ఎక్కడో తలుపు కొట్టినట్టు టక్ టక్ మంటుంది. ఇద్దరి లాంతర్లూ కలిస్తేనే దారి కనిపించేంత వెలుగు. ఒకడు ఆట మూసేసి పోతే వాడి లాంతరు ఆరిపోతుంది, రెండోవాడికి చావు తప్పదు.

అందుకని వాళ్ళిద్దరూ ఒక కట్టడి పెట్టుకున్నారు. డ్రైవర్ బతుకు తెలిసిందే కదా, మేడమ్ "యల్లా" అని కేకేస్తే చేతిలో ముద్ద కూడా వదిలేసి పరుగెత్తాలి. అలాంటప్పుడు ఆట మూయకూడదు. ఫోన్ అలాగే మంచం మీద పడేసి పోవాలి. వేటగాడు కదలకుండా నిలబడిపోతే మేడమ్ పిలిచిందని రెండోవాడు అర్థం చేసుకుని, తిరిగొచ్చేదాకా వాణ్ణి కాపాడాలి. "ఏమైనా కానీ మామా, లాంతరు మాత్రం ఆర్పొద్దు" అనేవాడు రసూల్.

తిమ్మప్ప భయం పోయిందా అంటే, పోలేదు. ఇంకా ముదిరింది. ఇంతకు ముందు చింతచెట్టు దయ్యాలు మాత్రమే తెలుసు, ఇప్పుడు బావి దయ్యాలూ పరిచయమయ్యాయి. అయినా ఆడేవాడు. ఆడుతున్నంతసేపూ చెవి పక్కన రసూల్ మాట ఉండేది, ఆ మాట కోసం ఆడేవాడు. ఆ రసూల్ అయినా సవ్యంగా ఆడితేనా! మధ్యలో గొంతు మార్చి మూలిగేవాడు, తనకే దయ్యం పట్టినట్టు అరిచేవాడు. తిమ్మప్ప కెవ్వుమంటే ఫోన్లో పకపకా నవ్వేవాడు.

రసూల్‌కు షుగర్ ఉంది. అది కూడా నవ్వుతూనే చెప్పాడొకసారి. "మాత్ర మింగి అన్నం తినకపోతే షుగర్ పడిపోతాది మామా. మాట ముద్ద ముద్దగా వస్తాది, ఏం చెప్తాండానో నాకే తెలీదు. మా అమ్మ రమీజా నాకేదో పట్టిందని దర్గాకు ఎత్తుకపోయి తాయెత్తు కట్టించింది. డాక్టరేమో రోంత చక్కెర నోట్లో ఎయ్యమ్మా చాలు అన్యాడు."

తిమ్మప్ప అప్పుడు తలూపాడు గానీ, దర్గాలో కట్టిన తాయెత్తు వల్లే తగ్గిందని లోలోపల నమ్మాడు.

ఇంటివాళ్ళు లండన్‌లో ఉన్నప్పుడే ఒక రోజు పొద్దున్నుంచే గాలి దుమ్ము లేపుతోంది. మధ్యాహ్నానికి ఆకాశం, నేల ఒకటే రంగయ్యాయి. ఎండ పడకుండా తిమ్మప్ప కిటికీకి అట్టలు అడ్డం పెట్టుకున్నాడేమో, గది పట్టపగలే చీకటిగా ఉంది. భోజనాలయ్యాక ఖతర్ అంతా పడుకునే వేళ, డ్రైవర్లకు అదే తీరిక. రసూల్ ఫోన్లో పలికాడు.

"ఇప్పుడే వచ్చినా మామా. పొద్దున్నుంచీ ఎయిర్‌పోర్టుకు తిరిగిందే తిరుగుడు."

"తిన్న్యావా?"

"తినాల. మాత్రైతే ఏసుకున్యా. ఒక్క ఆట ఆడి తింటాలే."

ఆట మొదలైంది. బావి దగ్గరికి వచ్చేసరికి రసూల్ వేటగాడు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఏమీ లేకపోయినా చీకట్లోకి తుపాకీ పేలుస్తున్నాడు.

"రేయ్, యాలాకోలం వద్దురా. ఇట్ల రా" అన్నాడు తిమ్మప్ప.

కాసేపటికి ఫోన్లోంచి ఒక గొంతు వచ్చింది. బరువుగా, సాగిసాగి, నాలుక మందమైన గొంతు. రసూల్ ఎన్ని గొంతులు మార్చినా అలాంటిది తిమ్మప్ప ఏనాడూ వినలేదు.

"మా... మ్మా... ఊఁ..."

తిమ్మప్ప వీపు చల్లబడింది. "రసూలూ? నువ్వేనా?"

ఏదో పడిన చప్పుడు. నేల మీద ఏదో గీరుకుంటున్న చప్పుడు. అదే క్షణంలో ఆటలో మంట నీలంగా మారింది, టక్ టక్ మొదలైంది. బావి అంచు మీద వేళ్ళు కనబడ్డాయి. ఫోన్లో ఆ గొంతు మళ్ళీ మూలిగింది.

"ఎవురు నువ్వు? మావాన్ని ఏం చేసినావు?" అని తిమ్మప్ప అడిగాడు. అటునుంచి గురక లాంటిది వినబడేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి. కట్టడి గుర్తు రాలేదు, రసూల్ గుర్తు రాలేదు. ఆట మూసేసి, ఫోన్ దిండు కింద దూర్చి, దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. కదిరి నరసింహస్వామిని తలుచుకుంటూ ఉండిపోయాడు.

ముసుగులోంచి చెవులు మాత్రం రిక్కించి ఉన్నాడు. ఎందుకంటే ఇప్పుడు ఫోన్ మోగాలి. భయపెట్టిన ప్రతిసారీ వెంటనే ఫోన్ చేసి నవ్వడం రసూల్ అలవాటు. నవ్వకపోతే వాడికి తిన్నది అరగదు.

మోగలేదు.

తిమ్మప్ప దిండు కింద చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. తనే చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. వాళ్ళ మేడమ్ పిలిచిందేమోనని సర్దిచెప్పుకోబోయాడు, కానీ నిద్రపోయే వేళ మేడమ్ ఎందుకు పిలుస్తుంది? అప్పుడు తను అడిగిన మాట తనకే వినబడింది. తిన్న్యావా? తినాల.

దుప్పటి ఎటు పడిందో కూడా చూసుకోలేదు. ఇందాకటి భయం వేరు, ఇది వేరు. ఇందాక తనకేమవుతుందోనని, ఇప్పుడు వాడికేమయిందోనని. దయ్యమని తను పారిపోయింది రసూల్ నుంచే.

అంబులెన్సుకు ఫోన్ చేయాలన్న బుద్ధి అప్పుడు పుట్టలేదు. అరలో ఉన్న ఖర్జూరపు పాకం సీసా తీసుకున్నాడు, తువ్వాలు మూతికి చుట్టుకున్నాడు, వదలొద్దన్న గేటు వదిలేసి బయటపడ్డాడు.

బయట ఏముంది? ఏమీ లేదు. చుట్టూ నాలుగడుగుల నేల, ఆ తర్వాత దుమ్ము గోడ. ఎటు కదిలితే ఆ గుండ్రం అటే కదులుతోంది. అచ్చం ఆటే. పైనుంచి ఎవడో తనను చూస్తూ ఆడిస్తున్నట్టు అనిపించి తిమ్మప్పకు ఒళ్ళు జలదరించింది. ఒక చేత్తో తోటగోడ తడుముకుంటూ, ఒక చేత్తో సీసాను గుండెకు అదుముకుంటూ పరుగెత్తాడు. గోడ మీద ఏదో తెల్లగా లేచి చేతులు చాపింది. కెవ్వుమన్నాడు. ముళ్ళకంచెకు చిక్కిన ప్లాస్టిక్ సంచి. ఇంకొంచెం ముందు టక్ టక్ మని చప్పుడు. కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఊడొచ్చిన రేకు గాలికి కొట్టుకుంటోంది, అంతేనని తెలిసినా కాళ్ళు కదలడానికి చాలాసేపు పట్టింది.

గోడ అయిపోయింది. ఇక మైదానం. తడుముకోవడానికి కూడా ఏమీ లేదు. అక్కడ తిమ్మప్ప నిజంగానే ఏడ్చాడు. ఆంజనమ్మ గుమ్మంలో నిలబడి మాట్లాడుతూ ఉంటే బాగుండునని ఏడ్చాడు. ముందు ఒక పొడుగాటి నీడ మెడ సాచి అడ్డంగా కదిలింది. ఒంటెయో, మరేదో, ఈ రోజుకీ అతనికి తెలియదు.

"రావద్దు! రేపు రా!" అని అరిచాడు తిమ్మప్ప. "ఇప్పుడు నాకు తీరిక లేదు, రేపు రా, నన్ను తిందువులే!"

కళ్ళు మూసుకుని దాని పక్కనుంచే పరుగెత్తాడు.

రసూల్ గది తలుపు వీధిలోకే ఉంటుంది. మేడమ్ ఎప్పుడు పిలుస్తుందో తెలియదు కాబట్టి గడియ పెట్టడు. తోయగానే తెరుచుకుంది. రసూల్ మంచానికి గోడకు మధ్య ఒరిగి పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ చూపు లేదు. చేతికందేంత దూరంలో ఫోన్ వెలుగుతూనే ఉంది. వాడు ఆట మూయలేదు. తెర నిండా చీకటి, మధ్యలో రసూల్ వేటగాడు బోర్లా పడి ఉన్నాడు. పక్కన తిమ్మప్ప గుర్తు దగ్గర ఆరిపోయిన నల్ల లాంతరు.

తిమ్మప్ప దాన్ని చూడలేక ఫోన్ బోర్లించాడు. వేలికి పాకం పూసుకుని రసూల్ బుగ్గలోపల రాశాడు. మళ్ళీ రాశాడు. "రసూలూ, నేన్రా, మామను. నాకు పలకరా నాయనా, ఆ గొంతుతోనే పలుకు, నేను భయపడను లేరా" అంటూ ఇంకో చేత్తో విల్లా గోడను దబదబా బాదాడు. ఆ చప్పుడుకు లోపలి పనమ్మాయి ఇరం వచ్చి, చూసి, అరుస్తూ వెనక్కి పరుగెత్తింది. ఆ ఇంటి మేడమ్ అంబులెన్సును పిలిపించింది. అది వచ్చేలోపే రసూల్ పళ్ళు ఒక్కసారి బిగుసుకుని తిమ్మప్ప వేలు కొరికాయి. అంత నొప్పిలోనూ తిమ్మప్ప చెయ్యి తీయలేదు.

బాబాకు సంగతి ఎలాగో తెలిసింది. లండన్ నుంచి ఫోన్ చేసి గేటు వదిలినందుకు తిట్టాడు, పూర్తిగా విన్నాక తిట్లు ఆపేసి ఆ డ్రైవర్ ఎలా ఉన్నాడని అడిగాడు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక సాయంత్రం రసూల్ తిమ్మప్ప గదికి వచ్చాడు. చెరో కరక్ చాయ్ పెట్టుకుని గడప మీద కూర్చున్నారు. ఎంతసేపటికీ వేళాకోళం ఆడలేదు. తిమ్మప్పకు అది ఆ దుమ్ము కంటే ఎక్కువ భయమేసింది.

"నాకేమీ గుర్తు లేదు మామా" అన్నాడు రసూల్ చివరికి. "ఒక్కటే గుర్తుండాది. నిన్ను పిలుస్తాండా. పిలుస్తాంటే నీ లాంతరు ఆరిపాయె."

నెట్ పోయిందని అనొచ్చు. గేటు దగ్గరికి ఎవరో వచ్చారని అనొచ్చు. రెండు అబద్ధాలూ నాలుక మీదికి వచ్చాయి.

"నేనే ఆర్పినా" అన్నాడు తిమ్మప్ప. "భయపడి ఆర్పినా. దయ్యమనుకున్యా రా నిన్ను."

రసూల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మరి అంత భయం పెట్టుకుని, ఆ దుమ్ములో, ఒక్కనివే, అంత దూరం ఎట్ల వస్తివి మామా?"

తిమ్మప్ప కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు.

"ఏడ్చుకుంటా వస్తిని" అన్నాడు.