బస్సులో పెద్దమ్మ మోకాలు

పొద్దున మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కినా. పక్క సీట్లో ఒక పెద్దమ్మ వాచిన మోకాలు నిమురుకుంటా, "ఏం చదువుతున్నావు పాపా?" అన్నది. వాపుల మీద రీసెర్చ్ చేస్తున్నానని చెప్పినా. అదే నేను చేసిన తప్పు. వెంటనే మోకాలు నా వైపు తిప్పి మందు రాయమన్నది.

నేను మందులు రాసే డాక్టరు కాదని, వాపు రావాలని కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయని, ఆ కబురు మోసే ఎంజైమును ఆపే మందు కోసం పనిచేస్తున్నామని ఓపిగ్గా చెప్పినా.

"అయితే ఆ మందే ఇయ్యి."

"ఇంకా మనుషులకు ఇయ్యకూడదు పెద్దమ్మా. ఇప్పటిదాకా ఎలుకలకే ఇచ్చినాం. వాటికి వాపు బాగా తగ్గింది."

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మా ఇంట్లో కందులన్నీ అవే తింటున్నాయి. మేము మందు పెట్టి చంపుతుంటే, నువ్వు కూర్చొని వాటి కాళ్ళు బాగుచేస్తున్నావా?"

మా గైడు కూడా నన్ను ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

కంభంలో నేను లేస్తుంటే పెద్దమ్మ డ్రైవరుకు కేకేసింది. "కాస్త నిదానంగా ఆపు నాయనా, ఎలుకల డాక్టరమ్మ దిగుతుంది."

పీహెచ్‌డీ ఇంకా చేతికి రాలేదు గానీ బిరుదు మాత్రం వచ్చేసింది. మీ చదువుకు మీ ఊరోళ్ళు ఏం బిరుదిచ్చినారో చెప్పండి, నాకు కొంచెం ఊరటగా ఉంటుంది.