జంపఖానా బేరం

ఈ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. ఎంబీఏలో నా మొదటి ఇంటర్వ్యూకి లోపలికే వెళ్ళలేదు. భయంతో గుమ్మం నుంచే తిరిగొచ్చి, సెలెక్ట్ కాలేదని ఇంట్లో చెప్పాను.

రెండో ఇంటర్వ్యూకి వారం ముందు, వరంగల్‌లోని మా కాలేజీలో మేడమ్ మమ్మల్ని మా ఇళ్ళ నుంచి ఏదైనా తెచ్చి క్లాసులో తనకే అమ్మమన్నారు. నాయిన నేసిన జంపఖానా తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. అమ్మడం మానేసి దాని మడతలే సర్దుతూ నిలబడ్డాను. వెనక బెంచీల్లో నవ్వులు.

మేడమ్ దాని అంచు పట్టి చూసి, "మిషన్‌దే కదా? రెండుసార్లు ఉతికితే రంగు పోతది," అన్నారు.

"మిషనా? మా నాయిన మగ్గం మీద మూడు దినాలు నేసిండు మేడమ్! బకెట్ల నానబెట్టున్రి, రంగు పోతే నన్నడుగున్రి!"

అరిచాక గానీ ఆ గొంతు నాదని తెలియలేదు. క్లాసంతా చప్పట్లు.

వారం తర్వాత ఇంటర్వ్యూ గది తలుపు నేనే తోసుకుని వెళ్ళాను. ఆ రోజు క్లాసులో జంపఖానా మడిచి నా చేతికిస్తూ మేడమ్ అన్న మాట చెవిలోనే ఉంది.

"గీ కోపం జర ఇంటర్వ్యూకు గూడ పట్కపో బిడ్డా!"